దూడ వంతు

తెల్లవారుజామున పశువుల పాకలో అడుగుపెట్టిన మనిషి మొదట చేసే పని పాలు పితకడం కాదు, దూడను విడవడం. అది తల్లి పొదుగు కిందికి దూరి, మూతితో కుమ్ముతూ, నాలుగు చన్నులూ మార్చి మార్చి చీకుతుంది. తల్లి దాని ఒళ్ళు నాకుతుంది. కొద్దిసేపటికి చన్నులు నిండి బిగుస్తాయి. అప్పుడు ఆవు చేపిందంటారు. దూడను తప్పించి తల్లి ముందు కట్టి, పొదుగు కడిగి, చెంబును మోకాళ్ళ మధ్య ఇరికించుకొని పితకడానికి కూర్చోవడం ఆ తరువాతి పని.

ఇందులో గమనించదగినది ఒకటుంది. పిండడం, పితకడం, తీయడం మనిషి చేసే పనులు. చేపడం మాత్రం ఆవు చేసే పని. ఎంత నేర్పరి చేయి అయినా చేపని ఆవు నుంచి చెంబెడు పాలు రాబట్టలేదు. కనుక పాలు పితకడం తెలియడమంటే తన శక్తి తెలియడమే కాదు, ఎదుటి ప్రాణి సమ్మతి కోసం వేచి ఉండడం తెలియడం కూడా.

శరీరధర్మ శాస్త్రం ఈ అనుభవాన్నే మరో భాషలో చెబుతుంది. దూడ స్పర్శకు ఆవు మెదడు దిగువనున్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై, రక్తం ద్వారా పొదుగును చేరి, అక్కడి సూక్ష్మమైన తిత్తుల నుంచి పాలను చన్నులలోకి నెట్టిస్తుంది. దాని ప్రభావం కొద్ది నిమిషాలే. భయమో నొప్పో కలిగితే, కొత్త మనిషి కనిపిస్తే, ఆవు ఎగచేపుతుంది. ఒంగోలు వంటి దేశవాళీ జాతులలో దూడ దగ్గర లేనిదే చేపని ఆవులు ఎక్కువ.

చేతి పని కూడా సులభమైనదేమీ కాదు. బొటనవేలు, చూపుడువేలుతో చన్ను మొదలును బిగించి, పాలు తిరిగి పొదుగులోకి పోకుండా ఆపి, తక్కిన వేళ్ళను ఒకదాని వెంట ఒకటి ముడవాలి. లాగకూడదు, ఒత్తాలి. బొటనవేలిని మడిచి కణుపుతో నొక్కే అలవాటు చన్నును గాయపరుస్తుంది. మొదటి ధారలను వేరుగా పిండి చూస్తే, పాలలో విరుగుడు తునకల వంటివి కనబడితే, పొదుగువాపు మొదలైనట్లు తెలుస్తుంది. ఇదంతా ఒకరు మరొకరికి కొద్ది వారాలలో నేర్పగలరు. ఎక్కడ ఆపాలో తెలియడమే కష్టమైన విద్య.

ప్రాచీన గ్రంథాలు పట్టించుకున్నది కూడా ఈ ఆపడాన్నే. కాళిదాసు రఘువంశంలో నందినీ ధేనువు తన పాలు పితుక్కొని తాగమని దిలీపుణ్ణి ఆదేశిస్తుంది. దూడ తాగగా, హోమానికి వినియోగించగా మిగిలినదే, అదీ గురువు అనుమతితోనే, తాను స్వీకరిస్తానని ఆ రాజు మనవి చేస్తాడు. రక్షించిన భూమి నుంచి తీసుకునే ఆరవ భాగంతో దానిని పోలుస్తాడు. మహాభారత శాంతిపర్వంలో భీష్ముడు కూడా రాజు దూడను దృష్టిలో ఉంచుకొని ఆవును పితికినట్లు పన్ను తీసుకోవాలనీ, పొదుగును గాయపరచరాదనీ చెబుతాడు. భాగవతంలోని పృథుచక్రవర్తి కథలో గోరూపం దాల్చిన భూమి, ముందు తనకొక దూడను చూపమని అడుగుతుంది. వాత్సల్యం అనే మాటకు మూలమైన వత్స శబ్దానికి దూడ అని అర్థం.

అయితే ఆవు సమ్మతిని మోసంతో కూడా పొందవచ్చు. చనిపోయిన దూడ చర్మంలో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టడం పాత ఉపాయమే. అంతకన్నా క్రూరమైనది జననాంగంలోకి గాలి ఊది పాలు రప్పించే ఫూకా. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ దీనిని నేరంగా పరిగణించింది. పశువు ఆరోగ్యానికి హాని కలిగేలా పాల కోసం మందు ఎక్కించడం కూడా ఆ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. పాడి పశువులను యజమానులు పెట్టే హింసను గురించి కలకత్తా నుంచి వచ్చిన రచనలలో చదివి కదిలిపోయిన గాంధీజీ 1912లో టాల్‌స్టాయ్ క్షేత్రంలో పాలు విడిచిపెట్టారు. తరువాత తీవ్రమైన అనారోగ్యంలో, కస్తూరిబా సూచనపై మేకపాలు తీసుకున్నారు. ప్రతిజ్ఞలోని అక్షరం నిలిచినా ఆత్మ నిలవలేదని ఆత్మకథలో ఒప్పుకున్నారు.

ఆక్సిటోసిన్ సూది రావడంతో ప్రశ్న మరింత జటిలమైంది. దూడ కోసం, నమ్మకం కోసం వేచి ఉండవలసిన అవసరాన్ని అది తొలగించింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఆ మందు తయారీని ప్రైవేటు సంస్థలకు నిషేధించగా, అదే సంవత్సరం డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ప్రసవానంతర రక్తస్రావం నుంచి తల్లులను కాపాడే మందు కూడా అదే. పాకలో చీకటివేళ జరిగే దుర్వినియోగాన్ని ఆపబోతే ప్రసూతి గదికి కొరత ఏర్పడే ప్రమాదం ఉంది. శాసనం ఎంతవరకు వెళ్ళగలదో ఈ ఉదంతం తెలుపుతుంది.

దోషం యంత్రానిదని చెప్పి తప్పించుకోవడం కూడా సరికాదు. పాలు పితికే యంత్రం కూడా చేపిన పొదుగు నుంచే సక్రమంగా పాలు తీయగలదు. గతమంతా దయామయమని చెప్పడమూ సత్యం కాదు. కోడెదూడ రేపు నాగలి లాగే ఎద్దు అవుతుంది కనుక రైతు దానికి పాలు వదిలేవాడు. అక్కడ న్యాయమూ లాభమూ ఒకే దారిన నడిచాయి. అందువల్ల ఆ న్యాయానికి పరీక్ష ఎదురు కాలేదు. ట్రాక్టరు వచ్చిన తరువాత కోడెదూడతో పని తగ్గింది. మొదట కోత పడినది దాని వంతుకే. లాభం తప్పుకున్న తరువాత కూడా దూడకు వంతు వదిలే చేయి ఉన్నదా అన్నదే ఇప్పటి ప్రశ్న.

1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైన తరువాత దేశం పాల కొరత నుంచి బయటపడింది. ఎన్నో చిన్న కుటుంబాలకు పాల డబ్బు ఆధారమైంది. వారిలో ఒక గృహిణి దూడకు ఒక చన్ను వదిలితే ఆ మేరకు ఆమె రాబడి తగ్గుతుంది. ఆ త్యాగాన్ని పట్టణంలో కూర్చొని బోధించడం సులభం. గ్రామ పాలకేంద్రం పుస్తకంలో పాల పరిమాణం, వెన్న శాతం నమోదవుతాయి. దూడ తాగినదీ లేనిదీ నమోదు చేయడానికి అందులో గడి లేదు. కొలతకు అందని ఈ వంతు పితికేవారి వివేకం మీదనే ఆధారపడి ఉంది.

దూడ వంతు ఎంత? ఒక చన్నా, చివరి ధారలా, సగమా? అది దూడ వయస్సును బట్టి, ఆవు ఈనిన కాలాన్ని బట్టి, ఇంటి అవసరాన్ని బట్టి మారుతుంది. ఏ పుస్తకమూ ఒక్క అంకెతో చెప్పలేదు. తెలిసిన మనిషి పొదుగును అరచేతితో తడిమి, దూడ డొక్కను చూసి నిర్ణయిస్తాడు. తరువాత చెంబు పక్కన పెట్టి లేచి, దూడ మెడలోని పలుపు విప్పుతాడు.