అంటు

నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట ప్రాంతముల మామిడితోటలలో ‘అంటు’ అను మాటకు గౌరవ మెక్కువ. టెంక మొలిచిన మొక్కకంటె అంటుమొక్కకే వెల. తోట దాటి యింటిలో నడుగుపెట్టినంతనే యా మాటయే మైల యగును. ఒక్క మాటకు తోటలో నంత విలువయు, వంటింట నంత భయము నెట్లు కలిగెనో మన మెన్నడైన విచారించితిమా?

అంటుకట్టు పాత పద్ధతి చదువరులలో ననేకులు చూచియే యుందురు. కుండీలోని టెంకమొక్కను తల్లిచెట్టు కొమ్మ దాపునకు దెచ్చి, రెంటికిని బెరడుతోపాటు కొంత కలపను చెక్కి, గాయమునకు గాయము నానించి కట్టుదురు. నెలలు గడచినగాని యతుకదు. ఒకదానినే చెక్కి రెండవదానిని విడిచినచో, ఎంత బిగించినను ప్రక్కప్రక్క నుండునే గాని కలియవు. కలిసిన పిమ్మటనో, వేళ్లు టెంకమొక్కవే, పండు తల్లికొమ్మదే. పరులతో గలిసిన మన తీరు చెడునని వాదించువారు ఒకమాఱు తోటకు బోయి రావలెను. అచ్చట చిన్నరసము, పెద్దరసముల సరసనే జహంగీరు, కలెక్టరు కాయుచున్నవి. పాదుషా పేరును దొర కొలువు పేరును గల పండ్లను దేవునికి నివేదించుటకు మన కెన్నడును సంకోచము కలుగలేదు!

1950 జనవరి 26న పూర్తిగా అమలునకు వచ్చిన రాజ్యాంగము, తన 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసినది. శాసనము బావికడ నడ్డగించు చేతిని పట్టుకొనగలదు; పొరుగింటి గిన్నెను త్రోసిపుచ్చు చేతిని పట్టుకొనజాలదు.

ఇది మా యింటి ముచ్చటయే. రంజాను వేసవిలో వచ్చిన యొక యేడు, పొరుగింటి ముస్లిం గృహిణి సేమ్యా పాయసము పంపెను. మేము తీసికొని, నవ్వి, తలుపు వేసి, పనిమనిషి కిచ్చివేసితిమి. ఆ సంగతి యామెకు దెలిసినది. ఒక్క మాటయు ననలేదు. మరుసటి యేట పాయసము రాలేదు. రసాల బుట్ట వచ్చినది. పండునకు తొక్క యడ్డముండును గదా! మా కేది చెల్లునో యామె గ్రహించినది. అంతకుముందు ప్రతి వేసవియు మేమును వారికి బుట్టలు పంపి, స్నేహము నెరపుచున్నామని తలచినవారమే. ఇచ్చుటలో మన బెరడు చెక్కుడు పడదు. ఒరుల చేతివంట తినుటలోనే పడును. ఆ పండ్లు తినుటకు మాకు సిగ్గు కలిగినది.

ఆ మీది పండుగకు పిలువకయే వారింటికి బోయి, వడ్డించినచోట కూర్చుండి తింటిమి. చక్కెర కొంచె మెక్కువైనదని మా యింటివా రామెతోనే యనిరి. ఆమె నవ్వి, ఇంకొక గరిటె వేసినది.