శ్రుతి తప్పింది ఎవరు?

మారకుండా ఉండడమే నిలకడ అని మనం నమ్ముతాం. మారినవాణ్ణి తప్పినవాడిగానే లెక్కగడతాం. చలి పియానోను ఏం చేస్తుందో తెలుసుకున్నాక ఈ లెక్కను ఇంకొకసారి చూసుకోవాలనిపించింది నాకు.

పియానోకు 88 మెట్లు, దాదాపు 230 తీగలు. వాటి బిగువంతా కలిపితే 18 నుంచి 20 టన్నులు. ఆ భారాన్ని ఇనుప చట్రం మోస్తుంది. నాదాన్ని పెంచి వినిపించేది మాత్రం తీగల కింద కాస్త వంపుగా అమర్చిన పలుచని స్ప్రూస్ చెక్క. చలికి ఉక్కు తీగ కుంచించుకుని స్వరం కొద్దిగా హెచ్చుతుంది. చట్రమూ ముడుచుకుంటుంది గనుక ఆ తేడా కొంత సర్దుకుంటుంది. అసలు చిక్కు చెక్కతోనే. మాంట్రియల్ వంటి ఊళ్ళో జనవరిలో సున్నాకు 10 డిగ్రీల కిందికి పోవడం మామూలే. ఆ గాలి పట్టగలిగినంత తేమ పట్టుకుని ఉన్నా సరే, ఇంట్లోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే సాపేక్ష తేమ 12 శాతం దగ్గరకు పడిపోతుంది. ఆ పొడిగాలి చెక్కలోని నీటిని లాగేస్తుంది. వంపు తగ్గుతుంది, తీగలు సడలుతాయి, స్వరం దిగుతుంది. అన్నీ ఒకే మేరకు దిగవు, అందుకే అపశ్రుతి. వేసవిలో తేమ తిరిగి రాగానే స్వరం మళ్ళీ ఎక్కుతుంది.

అంటే చలి నుంచి కాపాడుకుందామని రాజేసుకున్న వెచ్చదనమే ఎక్కువ చేటు చేసింది. ఇందులో తీగ తప్పేముంది? చెక్క తప్పేముంది? పియానో విషయంలో ఇంత దూరం ఆలోచిస్తాం. పొరుగు గాలిలో పెరిగిన మనిషిని చూస్తే మాత్రం "వీడు మారిపోయాడు" అని ఒక్క మాటలో తేల్చేస్తాం.

అయితే నెపమంతా గాలి మీదికి నెట్టి ఎవరికి వారు చేతులు దులుపుకోవచ్చా? ఒప్పుకోలేను. కారణం తెలియడం వేరు, బాధ్యత తీరడం వేరు. శ్రుతి చేసేవాడు పియానోను నిందించడు, అలాగని వదిలేసి పోడు. చలిలోంచి తెచ్చిన వాద్యాన్ని వెంటనే ముట్టుకోడు. గదికి అలవాటు పడనిస్తాడు, లేకపోతే చేసిన పనంతా కొద్ది రోజులకే వృథా. ఆ తర్వాత ఒక్కొక్క తీగనూ విని సరిచేస్తాడు. ఎదుటివారిని తూచేటప్పుడు మనకు కావలసింది ఆ ఓపికే.

మన మాటకొస్తే, పద్ధతి వేరుగా ఉండాలంటాను. పియానో వాయించేవారు సాధారణంగా శ్రుతికి మరొకరిని పిలుస్తారు. మన వైణికుడు బిరడాలు తానే తిప్పుకుంటాడు, కచేరీ మధ్యలోనైనా సరే. సభలో ఉక్కపోతగా ఉందని సాకు చెప్పడు.