టిఫిన్ బాక్సు మీద పేరు

ఫస్టు షిఫ్టుకు బొగ్గు బాయికి పోయే సింగరేణి కార్మికుడు లాంప్‌రూంలో తన నంబరున్న దీపమే తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయినాక ఏ నంబరు దీపం తిరిగి రాలేదో చూస్తే, లోపల ఎవరు మిగిలారో తెలిసిపోతుంది.

ఆ కార్మికుల పిల్లలు గోదావరిఖనిలో బడికి పట్టుకెళ్లే నీళ్ల సీసాలకు కూడా అంత శ్రద్ధ కావాలి. తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, చెరగని మార్కరుతో పేరు, తరగతి రాస్తే చాలు.

తిండి సంగతి ఇంకా పెద్దది. మన ఇళ్లల్లో పల్లీలు లేని రోజేది? ఇడ్లీ చట్నీలో అవే, పులిహోరలో అవే, సాయంత్రం పల్లీపట్టీలోనూ అవే. పల్లీ పడని పిల్లకు పక్కపాప ప్రేమగా పెట్టిన ఒక్క ముద్దతో గొంతు వాచి ఊపిరాడకపోవచ్చు. కొనే ప్యాకెట్ల మీద పల్లీ, పాలు, గుడ్డు, గోధుమ ఉంటే రాసి తీరాలని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. ఇంటి స్టీలు బాక్సు మీద రాయాల్సింది మాత్రం మనమే. మూత మీద పెద్దక్షరాలతో "పల్లీ పడదు" అని రాయండి. టీచరుకు, మధ్యాహ్న భోజనం వండే అక్కకు నోటితోనూ చెప్పండి. సమ్మర్ క్యాంపులో పిల్లను ఎరిగినవాళ్లుండరు, అక్కడ మరీ అవసరం.

బ్యాగు బయట పేరు వద్దు. ముక్కూమొహం తెలియనివాడు పేరుపెట్టి పిలిస్తే పిల్లలు నమ్మేస్తారు. లోపలివైపు రాయండి. పక్కన ఫోన్ నంబరు కూడా. నాన్న అండర్‌గ్రౌండులో ఉంటే ఫోను వెంట ఉండదు కాబట్టి, అమ్మదో, పక్క క్వార్టరు పిన్నిదో రాయండి.