మసిని కాదు, పురుగును చూడు

నేటి స్మరణ: సింగోటం లక్ష్మీనరసింహస్వామి
నేటి పఠనం: భాగవతం సప్తమ స్కంధంలోని ప్రహ్లాద చరిత్ర
నేటి చింతన: నేను పగబట్టినది నిజంగా నా శత్రువేనా, లేక ఆ శత్రువు వదిలిపోయిన మరకా?

సంక్రాంతి వచ్చేసరికి కొల్లాపూర్ మామిడి తోటలు పూత మీద ఉంటాయి. తెల్లవారకముందే బేనిషాన్ చెట్టు కింద నిలబడితే మంచుతో కలిసిన పూత వాసన తగులుతుంది. కొన్ని ఏళ్లలో ఆ వాసనతో పాటు ఇంకొకటి కూడా వస్తుంది. ఆకు మీద చెయ్యి పెడితే జిగటగా అంటుకుంటుంది. కొన్నాళ్లకు ఆ జిగట మీద నల్లటి మసి కమ్ముకుంటుంది. కొత్తగా తోట పెట్టినవాడు ఆ మసిని చూసి హడలిపోతాడు. నీళ్లు కొట్టి కడుగుతాడు, మసి మీదే మందు కొడతాడు. ఆకు ఇవాళ పచ్చగా కనబడుతుంది, మసి మళ్లీ వస్తుంది.

తోటలో తల పండినవాళ్లు ముందు మసిని పట్టించుకోరు. పూతకొమ్మను మెల్లగా వంచి తట్టి చూస్తారు. వడ్లగింజలో సగం లేని పురుగులు చిటచిటమని ఎగిరిపడతాయి. అదే తేనెమంచు పురుగు. పూతలోని రసం పీల్చి తియ్యటి జిగటను వదులుతుంది. ఆ తీపి మీదే మసి పెరుగుతుంది. పూత లేని కాలంలో ఈ పురుగు మాను బెరడు పగుళ్లలో దాగి ఉంటుంది. చూసేవాడికి చెట్టు నిక్షేపంగా ఉన్నట్టే ఉంటుంది.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. పురుగు భయంతో పూత బాగా విచ్చుకున్నప్పుడు మందు కొడితే, పుప్పొడి మోసే ఈగలూ తేనెటీగలూ చస్తాయి. పిందె పట్టదు. శత్రువు విషయంలో మనిషి చేసే పొరపాట్లు రెండూ ఈ ఒక్క చెట్టు మీదే కనిపిస్తాయి. మరకను శత్రువనుకోవడం ఒకటి, శత్రువు కోసం విసిరిన దెబ్బ మిత్రుడికి తగలడం ఇంకొకటి.

ఇదే సంక్రాంతికి కొల్లాపూర్ దగ్గరి సింగోటంలో జాతర మొదలవుతుంది. శ్రీవారి సముద్రం చెరువు కట్ట మీదుగా నడిచి గుడికి వెళ్లేవాళ్లందరికీ అక్కడి స్థలపురాణం తెలుసు. జటప్రోలు సంస్థానాన్ని సురభి వంశపు రాజు ఏలుతున్న కాలంలో ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి రాయి అడ్డం పడింది. తీసి పక్కన పడేశాడు. మళ్లీ చాలుకు అడ్డం వచ్చింది. మళ్లీ పడేశాడు. ఎన్నిసార్లు పడేసినా అదే రాయి నాగలికి తగిలింది. చివరికి స్వామి రాజుకు కలలో కనబడి, ఆ రాయి తానేనని చెప్పాడట. ఈ వేళ మనం పూలూ కొబ్బరికాయలూ సమర్పించి మొక్కేది ఆ రాయికే.

ఆ రైతు స్థానంలో నన్ను నేను నిలబెట్టుకుని చూస్తాను. ఎండలో ఎడ్లను తోలుతూ, పని చెడగొడుతున్న రాయిని తిట్టుకుంటూ ఉండేవాణ్ని. చాలు ఆగింది గనుక ఆపినది పగదే అనుకునేవాణ్ని. మన దారికి అడ్డం వచ్చిన ప్రతిదీ పగది కాదు. కష్టమైన నిజం చెప్పిన స్నేహితుడు, తప్పు దిద్దిన గురువు, వద్దని చెయ్యి పట్టుకున్న తల్లి, వీళ్లంతా ఒక్కోసారి మన నాగలికి తగిలిన రాళ్లే.

సింగోటం స్వామి ఎదుట నిలబడ్డప్పుడు ప్రహ్లాదుడు గుర్తుకు రాకుండా ఉండడు. హిరణ్యకశిపుడు మూడు లోకాలను గెలిచినవాడు. తమ్ముణ్ని చంపిన హరి మీద పగతో రగిలిపోయినవాడు. అలాంటి తండ్రి ముందు నిలబడి ఆ పసివాడు చెప్పిన మాటల సారం ఇది: నాన్నా, లోకాలన్నీ గెలిచావు గానీ నీ మనసును గెలవలేకపోయావు. నీలోనే ఆరుగురు పగవాళ్లున్నారు. వాళ్లను జయిస్తే నీకు ఈ లోకంలో శత్రువే ఉండడు. కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం. మనం చిన్నప్పుడు బడిలో వల్లెవేసి మరచిపోయిన ఆరు పేర్లు ఇవి.

భాగవతం ఎనిమిదో స్కంధంలో, బలి చక్రవర్తి ముందు నిలబడి వామనుడు ఇంకో సంగతి చెబుతాడు. హిరణ్యకశిపుడు శూలం పట్టుకుని హరి కోసం వచ్చాడు. అతనికి బయటి చూపే తప్ప లోచూపు లేదని తెలిసిన హరి, సూక్ష్మరూపంలో అతని హృదయంలోనే దాగాడు. హిరణ్యకశిపుడు భూమి వెతికాడు, ఆకాశం వెతికాడు, దిక్కులూ సముద్రాలూ గాలించాడు. ఎక్కడా కనబడలేదు గనుక శత్రువు చచ్చి ఉంటాడని తేల్చుకుని వెనక్కి తిరిగాడు. వెతకని చోటు ఒక్కటే, తన గుండె. అక్కడ చూసి ఉంటే తనను కాల్చుతున్న క్రోధమూ దొరికేది, దాన్ని చల్లార్చగల దేవుడూ దొరికేవాడు. రెండూ ఒక్క చోటే ఉన్నాయి.

ఈ నేలకు ఈ మాట కొత్తది కాదు. జటప్రోలు ఆస్థానంలో ఉన్న ఎలకూచి బాలసరస్వతి, భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసి, తన ప్రభువు సురభి మల్లభూపాలుడి పేరు మీద మల్లభూపాలీయం అన్నాడు. కోపం ఉన్నవాడికి వేరే పగవాడు అక్కర్లేదని, సోమరితనం ఒంట్లోనే కాపురముండే శత్రువని భర్తృహరి నీతి. అలాంటి మాటలు ఈ కృష్ణ ఒడ్డున శతాబ్దాల కిందటే తెలుగులో వినబడ్డాయి.

కథల్లో శత్రువును గుర్తుపట్టడం మనకు చాలా తేలిక. 1967లో వచ్చిన భక్త ప్రహ్లాద సినిమాలో హిరణ్యకశిపుడిగా ఎస్వీ రంగారావు కిరీటం పెట్టుకుని, మీసం దువ్వుతూ నడిచి వస్తుంటే వీడే పగవాడని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. కానీ కాస్త నిదానించి చూస్తే ఆ రాక్షసుడిలో బిడ్డ మీద ప్రేమ చావని తండ్రి కూడా కనిపిస్తాడు. ప్రేమ ఉండి కూడా మదానికి లొంగిపోయిన మనిషిని చూసి భయం కన్నా జాలి ఎక్కువ కలుగుతుంది. మంచి కథ మనకు చేసే మేలు అదే. దుర్మార్గుణ్ని చూపిస్తూనే, అతణ్ని మింగుతున్న దుర్గుణాన్ని కూడా చూపిస్తుంది. బతుకులో మాత్రం పగవాడు కిరీటం పెట్టుకుని రాడు. న్యాయమైన కోపం వేషంలో, మన సొంత గొంతుతోనే మాట్లాడతాడు.

రాజకీయాల్లో ఈ గుర్తింపు ఇంకా కష్టం. ఎండాకాలం సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున కూర్చుని అవతలికి చూడండి. శ్రీశైలం జలాశయం వెనక్కి తగ్గినప్పుడు అవతల సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడుతుంది. 1981 ప్రాంతంలో ఆ జలాశయం కోసం ఇటు పాలమూరు జిల్లాలోనూ అటు కర్నూలు జిల్లాలోనూ సుమారు వంద ఊళ్లు ఖాళీ అయ్యాయి. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని రాయి రాయీ విప్పి, పైకి తెచ్చి మళ్లీ కట్టారు. మనుషుల బతుకులను అంత జాగ్రత్తగా విప్పి తిరిగి కట్టడం సాధ్యపడలేదు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న జీవో 98 వచ్చింది 1986లో. ఆ మాట కోసం తిరిగి తిరిగి వాళ్ల తలలు నెరిశాయి.

అదే నది మీద ఇప్పుడు రెండు రాష్ట్రాల వాదన నడుస్తోంది. ఈ ఒడ్డున ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల, నార్లాపూర్ దగ్గర పాలమూరు–రంగారెడ్డి పంపులు. ఆ ఒడ్డున పోతిరెడ్డిపాడు. నీటి వాటా న్యాయమైన ప్రశ్న. దాన్ని గట్టిగా అడగాలి, లెక్కలతో అడగాలి. కానీ మైకు ముందు నిలబడ్డవాడు నీటి లెక్క వదిలేసి అవతలి ఒడ్డు మనిషి ముఖాన్ని మనకు చూపిస్తే, అప్పుడు ఆగి ఆలోచించాలి. అవతల గొర్రెలు కాసేవాడి ఇల్లు కూడా మన ఇల్లు మునిగిన నీళ్లలోనే మునిగింది. వాడూ మనమూ ఒక్క మసి అంటిన ఆకులం. ఇచ్చిన మాట మీద మరుపు, కాగితం మీద జాప్యం, పక్కవాడి కష్టం మన కంటికి ఆనకుండా చేసే స్వార్థం, పట్టుకోవలసిన పురుగులు ఇవి.

ఆవలి ఒడ్డు జనం సింగోటం జాతరకు ఏనాడూ పరాయివాళ్లు కారు. 2007 జనవరిలో అలా జాతరకు బయలుదేరిన పడవ కృష్ణలో మునిగి 60 మందికి పైగా చనిపోయారు. మన స్వామిని చూడాలని వస్తూ పోయిన ప్రాణాలవి. ఆ దుఃఖం ముందు ఒడ్డుల తేడా నిలవలేదు. మనుషులను విడదీసే ఆ నీటి మీద వంతెన కావాలని రెండు వైపులా అడిగారు. సోమశిల–సిద్ధేశ్వరం వంతెనకు 2022లో కేంద్రం 1,082 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. అసలు లోటు ఏమిటో కనబడినప్పుడు జనం ఒకరి మీద ఒకరు విరుచుకుపడలేదు, ఒక్క మాట మీద నిలబడ్డారు.

ఇంత చెప్పిన నేను మా ఇంటి సంగతి దాచుకోకూడదు. మా నాయినకూ చిన్నాయినకూ ఒక్కటే బోరు. కరెంటు వచ్చిన వేళలను బట్టి వంతు. ఒక ఎండాకాలం మోటారు కాలింది. వంతు కాని వేళ చిన్నాయిన నడిపించాడనీ, అందుకే కాలిందనీ నాయిన అనుకున్నాడు. వైండింగ్ చేసే ఆయన మోటారు విప్పి మా ముందే చూపించాడు. రెండు వరసల తీగలు బొగ్గయి ఉన్నాయి. మూడో వరస మాత్రం రాగి రంగు చెడకుండా మెరుస్తోంది. "ఒక ఫేజు పోయింది పటేలా, అందుకే కాలింది. మనిషి తప్పు కాదిది" అన్నాడు. నాయిన విన్నాడు గానీ ఒప్పుకోలేదు. అప్పటికే ఆయన కోపానికి ఒక ముఖం దొరికింది. ఆ ముఖాన్ని వదులుకోవడం ఇష్టం లేకపోయింది.

"వాన్ని ఒక్కపాలన్న అడిగినవా రా? అడగకుండ నీకెట్ల ఎరుక?" అని మా అవ్వ చాలాసార్లు అన్నది. నాయిన అడగలేదు. ఇద్దరూ ఆ మౌనంతోనే పోయారు. పొలాలతో పాటు ఆ మౌనం కూడా నాకూ చిన్నాయిన కొడుక్కూ పంపకానికి వచ్చింది. నేనూ ఏళ్ల తరబడి కంచె అవతలికి చూడకుండా నడిచాను.

పోయిన పూతకాలంలో నా తోట నల్లబడింది. మందు కొట్టాను, మళ్లీ వచ్చింది. ఒక పొద్దున కంచె దగ్గర ఆగి, గొంతు పెగుల్చుకుని అడిగాను: "తమ్మీ, మీ తోటల గూడ మసి వడ్డదా?"

వాడు చేతిలో పని ఆపి కాసేపు నన్నే చూశాడు. "వడ్డదన్నా. నువ్వొక్కనివి కొడితే ఏం లాభం? పురుగు నీ తోటల కెళ్లి నా తోటకు దుంకుతది, మల్ల నీ తోటకే వస్తది. ఇద్దరం ఒక్కదినమే కొడదాం" అన్నాడు.

కంచెను పట్టించుకోని పురుగును కంచెకు ఒక వైపు నుంచే చంపబోయాను నేను. మా మధ్య ఇన్నేళ్లూ తిరిగిన అనుమానం కూడా అలాంటిదే. అది మా నాయినలో ఎంత ఉందో చిన్నాయినలోనూ అంతే ఉంది, నాలోనూ ఉంది. దాని మీద గెలవాలంటే ఎవణ్ని పగవాడనుకున్నానో వాడే నా పక్కన నిలబడాలి.

ప్రహ్లాదుడి కథ ముగిసేది కూడా ఇలాగే. అతను తండ్రి మాటకు తలవంచలేదు. విషానికీ ఏనుగులకూ భయపడి అబద్ధం పలకలేదు. అసలు శత్రువును ఎరిగినవాడు మెత్తబడిపోతాడని అనుకోనక్కర్లేదు, అన్యాయానికి లొంగకుండా ఉండే బలం అతనికే ఉంటుంది. కానీ నరసింహస్వామి వరం కోరుకోమన్నప్పుడు ప్రహ్లాదుడు కోరింది తన తండ్రికి పాపవిముక్తి. తనను చంపబోయినవాడి కోసం చేతులు జోడించాడు. పగవాణ్ని సరిగ్గా గుర్తుపట్టామా లేదా అన్నదానికి ఇదే గీటురాయి. మనిషి మీద ద్వేషం ఇంకా రగులుతోందంటే మనం చూస్తున్నది మసినే. అతని కోసం ఒక్క మేలు కోరుకోగలిగితే, పురుగు మన కంటబడినట్టే.

ఈ రోజు సాధన: పొద్దున స్నానం చేసి దీపం పెట్టాక, మీకు కోపం ఉన్న ఒక మనిషి పేరు మనసులో తలచుకోండి. కామం మొదలైన ఆ ఆరు పేర్లనూ ఒక్కొక్కటిగా అనుకుంటూ, వీటిలో ఏది మీ ఇద్దరి మధ్యా తిరుగుతోందో చూసుకోండి. పొద్దుగూకేలోపు ఆ మనిషిని ఒక్క మాట అడగండి. నింద వద్దు, వివరణ వద్దు. ఏళ్లుగా అడగకుండా మిగిలిపోయిన ఆ ఒక్క మాట చాలు.

ప్రార్థన: ఉగ్రరూపంలో వచ్చి కూడా పసివాడి తల మీద చల్లగా చెయ్యి పెట్టిన స్వామీ, నాగలికి అడ్డం పడ్డ రాయిలో నిన్ను గుర్తించే చూపు మాకివ్వు. బయట వెతికి అలసిన మా కళ్లను లోపలికి తిప్పు. బెరడు పగుళ్లలో దాగిన పగలను మాకు చూపించు, వాటిని మాతో కలిసి తరిమే తోడబుట్టినవాణ్ని కంచె అవతల నిలబెట్టు. అన్యాయం ముందు తలవంచని ధైర్యాన్నీ, అన్యాయం చేసినవాడి కోసం నీ ముందు చేతులు జోడించే మనసునూ ప్రహ్లాదుడికి ఇచ్చినట్టే మాకూ ఇవ్వు. ఈ పూత నిలిచి పిందె పట్టనీ. మా పలకరింపులు నిలిచి చుట్టరికాలు పండనీ. లక్ష్మీనరసింహా, శరణు.