చిన్న పక్షము

రాజకీయం మలినమైనది గనుక మంచివాడు దానికి దూరంగా ఉండవలెననే మాట మన దేశంలో వివేకంగా చెల్లుబాటవుతున్నది. ఊరి బడిని బాగుచేయువాడు, అడవిని కాపాడువాడు, కరవు కాలంలో గంజి పోయించువాడు పూజ్యులు. అదే మనిషి ఓటు అడగవచ్చినాడా, మరునాటినుండి అనుమానానికి పాత్రుడు. ఈ వివేకం నిజంగా ధర్మమేనా, లేక ధర్మం ముసుగులోని పిరికితనమా అని జీవితమంతా అడిగినవారు కిషన్ పట్నాయక్.

1930లో ఒరిస్సాలోని కలహండిలో పుట్టిన ఆయన రామమనోహర లోహియా అనుచరుడై, ఆ నాయకుడు హైదరాబాదు నుండి నడిపిన 'మాన్‌కైండ్' పత్రికలో పనిచేశారు. 1962లో సంబల్పూరు నుండి లోక్‌సభకు ఎన్నికైనప్పుడు 32 ఏండ్లు నిండని యువకుడు. మళ్లీ ఆ సభలో అడుగుపెట్టలేదు. 1977లో తోటి సోషలిస్టులు జనతా పక్షంలో కలిసి మంత్రిపదవులు చేపట్టుతుండగా ఆయన అందులో చేరక, 'సామయిక్ వార్తా' అనే హిందీ పత్రికకు సంపాదకులైనారు. ఒడియా మాతృభాషగా గల ఆయన హిందీలో ఆడంబరం లేదు. అలంకారం కంటె తర్కాన్ని నమ్ముకొన్న వచనమది.

పుట్టిన జిల్లా ఆయనను వదలలేదు. 1985లో ఆయన, మరొక సహచరుడు కలహండి ఆకలిని గురించి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం వ్రాశారు. పస్తులకు తాళలేక ఒక స్త్రీ తన ఆడబిడ్డను 40 రూపాయలకు అమ్మిందన్న వార్త కూడ అందులో ఉన్నది. కోర్టు ఆ ఉత్తరాన్నే వ్యాజ్యంగా స్వీకరించి 1989లో తీర్పు చెప్పింది. జిల్లా ప్రకృతి వైపరీత్యాల సంఘంలో సంఘసేవకులకు చోటివ్వుమన్నది. అంతకు మించి ఒక న్యాయస్థానం ఏమి చేయగలదు? వడ్లు పండే జిల్లాలో వాటిని పండించే కూలి పస్తుండుటకు కారణం వాన ఒక్కటే కాదు. భూమి ఎవరిది, ధాన్యానికి ధర కట్టేదెవరు, అప్పు ఇచ్చేదెవరు అన్న ప్రశ్నలు సంఘంలో ఇద్దరు ముగ్గురు సజ్జనులను చేర్చినంతమాత్రాన తీరేవి కావు. హైదరాబాదు చుట్టూ ఉన్న ఇటుక బట్టీలలో ఆ ప్రాంతపు కూలీలను చూచిన తెలుగువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

గంధమర్దన పర్వతం కథ కొంత వేరు. అక్కడ బాక్సైటు త్రవ్వకాన్ని 1980 ప్రాంతపు దశకంలో కొండజనం ఎదిరించారు. 1980లో స్థాపించిన సమతా సంఘటన్ తరపున ఆయన సహచరులు వారితో నిలిచారు. కంపెనీ వెనుదిరిగింది. ఒక కొండ దక్కిందని సంతోషించవలసినదే. కాని ఖనిజం ఎవరికి అమ్మవలెనో నిర్ణయించే కలం చేతులు మారలేదు గదా! తరువాతి దశకంలో కాశీపూరులో మళ్లీ బాక్సైటు, మళ్లీ పోరాటం. 2000 డిసెంబరులో మైకంచ్ గ్రామంలో పోలీసు కాల్పులకు ముగ్గురు ఆదివాసులు బలియైనారు.

ఆయన వాదానికి మూలం ఇక్కడ ఉన్నది. ప్రజా ఉద్యమాలు ప్రతి కొండకూ, ప్రతి నదికీ వేరువేరుగా కాపలా కాస్తూ, రాజ్యాధికారాన్ని ఇతరులకు వదలివేస్తే ఎప్పటికీ అర్జీదారులుగానే మిగులుతవి. 1991 తరువాత ఈ సంగతి మరింత స్పష్టమైనది. సన్నకారు రైతు విత్తనం గురించిన నిర్ణయం జెనీవాలో జరిగే ఒప్పందంలో ఉన్నప్పుడు, దానిమీద సంతకం పెట్టే ప్రభుత్వాన్ని మార్చుట తప్ప గ్రామ సంస్కర్తకు దారి ఏది? 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. ఆ ఏటనే ఆయనా మిత్రులూ సమాజవాదీ జన పరిషత్తు అనే చిన్న పక్షాన్ని స్థాపించారు. విదేశీ ధనంతో నడిచే స్వచ్ఛంద సంస్థలను ఆయన నమ్మలేదు. ఆ ధనం పుచ్చుకొన్నవాడు ధనమిచ్చిన వ్యవస్థను ఎంతదూరం ప్రశ్నించగలడన్నది ఆయన సందేహం. ఈ పట్టుదల కొందరు మంచి కార్యకర్తలనైనా దూరం చేసియుండవచ్చు.

ఆయనపై బలమైన ఆక్షేపణ మరొకటి ఉన్నది. పెద్ద పక్షంలో చేరి మంత్రియై ఉంటే కలహండికి నాలుగు చెరువులైనా త్రవ్వించగలిగేవారు గదా? ఆకలిగొన్నవాడు సిద్ధాంతం పండేదాకా ఆగలేడు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. చెరువు త్రవ్వించిన మంత్రికి మ్రొక్కవలసినదే. అయితే ఆ మంత్రి కూర్చున్న మంత్రివర్గమే ఆ చెరువుక్రింది రైతు పంటధరను సంతకంతో ఒప్పగించివేస్తే, అతడు మౌనంగా ఉండుటకు ఎంత వెల కట్టవలెను? పట్నాయక్ ఆ లెక్కకే భయపడినారు. చదువుకొన్న భారతీయుడు ఇక వేరు దారి లేదని ఊహించుటకే అలవాటుపడినాడని ఆయన బాధ. ఆయన వ్యాస సంపుటానికి 'వికల్పహీన్ నహీ హై దునియా' అని పేరు. ప్రపంచానికి ప్రత్యామ్నాయం లేకపోలేదని దాని అర్థం.

ఆ ప్రత్యామ్నాయం పూర్తి రూపురేఖలు ఆయన రచనల్లో వెదికేవాడికి కొంత నిరాశ తప్పదు. చిన్న యంత్రం, వికేంద్రీకరణ, వ్యవసాయానికి న్యాయమైన ధర, దేశభాషల్లో పరిపాలన వంటి దిశలు కనబడతవి. కోట్లమందికి ఉపాధి చూపే లెక్కలు అంతగా కనబడవు. ఆయన శిష్యులు కొందరు ఆ లెక్కల పనికి పూనుకొన్నారు.

2004 సెప్టెంబరు 27న భువనేశ్వరంలో ఆయన కన్నుమూసేనాటికి ఆ పక్షం లోక్‌సభలో ఒక్క స్థానమైనా గెలుచుకొనలేదు.