సాహసమూ ధృతీ: కోలుకున్న మోకాలు, పొడిమంచు వాలు

నేటి తెలుగులో "సాహసం" మెచ్చుకోలు మాట. చరకసంహితలో మాత్రం అది రోగకారణాల సరసన కనిపిస్తుంది, తన బలానికి మించిన పనికి శరీరాన్ని పూనించడమే అక్కడ దాని అర్థం. ఈ రెండు అర్థాల మధ్య ఎంత ఎడముందో, మోకాలికి శస్త్రచికిత్స అయ్యాక మళ్లీ కొండల్లో పొడిమంచు మీద స్కీయింగ్‌కు వెళ్లదలచిన మనిషి సందిగ్ధంలో బాగా తెలుస్తుంది. ఆ సందిగ్ధం పైకి వైద్యానికి సంబంధించినదిగా కనిపించినా, లోతున అది ధర్మసందేహమే: తన దేహం మీద మనిషికున్న హక్కు ఎంతవరకు?

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, సాల్ట్ లేక్ సిటీకి తూర్పున నిలిచిన వాసాచ్ పర్వతశ్రేణి తేలికైన పొడిమంచుకు పేరుపడింది. స్కీ రిసార్టుల హద్దు దాటాక ఉండే కొండప్రాంతాన్ని బ్యాక్‌కంట్రీ అంటారు. పైకి చేర్చే లిఫ్టులు గాని, ప్రమాదకరమైన మంచుచరియలను ముందే పేల్చి పడగొట్టే సిబ్బంది గాని అక్కడ ఉండరు కనుక, ముందుకు జారుతూ వెనక్కి జారనివ్వని "స్కిన్" అనే నూగుపట్టీని స్కీల అడుగున అంటించుకుని గంటల తరబడి ఎక్కి, దాన్ని ఊడదీసి కిందికి జారతారు.

స్కీయింగ్‌లో తరచుగా తెగేది ఏసీఎల్, అంటే మోకాలి కింది ఎముక ముందుకు జారకుండా, మెలితిరగకుండా పట్టి ఉంచే లిగమెంట్. దాని స్థానంలో వైద్యులు సాధారణంగా తొడ వెనుక నుంచో మోకాలిచిప్ప కింద నుంచో తీసిన టెండన్ ముక్కను, అంటే కండరాన్ని ఎముకకు కలిపే నారను, అమరుస్తారు. ఆ ముక్క తొలి నెలల్లో బలపడకపోగా బలహీనపడి, ఆపైన కొత్త రక్తనాళాలతో మెల్లగా రూపు మార్చుకుంటుంది. నొప్పి పోయిన రోజూ బలం వచ్చిన రోజూ ఒకటి కావు గనుకనే, ఇలాంటి క్రీడలకు కనీసం 9 నెలలు ఆగమంటారు. అంతేగాక, కీలు ఏ భంగిమలో ఉందో మెదడుకు చేరవేసే నాడీగ్రాహకాల్లో కొన్ని పాత లిగమెంట్‌తోపాటే పోతాయి. దేహం మనం చూసే వస్తువు కాదనీ, లోకం మనకు అందేదే దేహం ద్వారా అనీ ఫ్రెంచ్ తాత్త్వికుడు మెర్లో-పాంటీ 1945 నాటి గ్రంథంలో వాదించాడు. గాయపడిన కాలు ఆ స్థానం కోల్పోయి, అనుక్షణం కనిపెట్టి చూడవలసిన వస్తువుగా మిగులుతుంది.

ఈ మార్పును పొడిమంచు నిర్దాక్షిణ్యంగా బయటపెడుతుంది. గట్టి మంచు మీద బరువు చాలావరకు ఒక కాలి మీద వేసి మలుపు తిరగవచ్చు గాని, లోతైన పొడిమంచులో రెండు కాళ్లూ దాదాపు సమంగా మోయాలి. కోలుకున్న కాలిని తెలియకుండానే దాచుకుని మంచి కాలి మీద ఆనితే, ఆ స్కీ దిగబడుతుంది, రెండోది తేలిపోతుంది, దేహం ఒకవైపూ కాళ్లు ఒకవైపూ తిరుగుతాయి. మోకాలిని కాపాడబోయిన భయమే మోకాలిని మెలిపెడుతుంది. అందువల్ల ఇక్కడ భయాన్ని అణచుకోవడం సమాధానం కాదు. కాలు నమ్మదగినదయ్యేదాకా ఆగడమే సమాధానం.

చరకసంహిత "ప్రజ్ఞాపరాధం" అనే దోషాన్ని వివరిస్తూ, ధీ (ఉన్నదాన్ని ఉన్నట్టు గ్రహించడం), ధృతి (మనసును నిలిపి పట్టడం), స్మృతి (తెలిసినదాన్ని వేళకు తలచుకోవడం) తప్పినప్పుడు మనిషి తనకు తానే హాని చేసుకుంటాడని చెబుతుంది. తాజా మంచు పడిన ఉదయం ముందుగా జారిపోయేది స్మృతే. మునుపటి విజయాలవల్ల కలిగిన ధీమా ధైర్యంలా కనిపించినా ధైర్యం కాదని అరిస్టాటిల్ చేసిన విభజన కూడా ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

అయితే ఈ ఇద్దరి విచారణా ప్రధానంగా ఒక వ్యక్తి చుట్టూ తిరుగుతుంది, బ్యాక్‌కంట్రీలో మాత్రం మోకాలు ఒక్కడి సొత్తు కాదు. మంచుచరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద విరిగిపడతాయి. కూరుకుపోయినవారు బతికే అవకాశం తొలి పావుగంట దాటితే వేగంగా పడిపోతుంది కనుక, బయటి సహాయం వచ్చేలోగా తవ్వి తీయవలసినవాడు పక్కనున్న సహచరుడే. అతని మోకాలు ఆ నిమిషంలో మొరాయిస్తే ప్రాణం పోయేది మరొకరికి. తన దేహాన్ని పణంగా పెట్టే హక్కు ఎవరికైనా ఉందనుకున్నా, చెప్పకుండా ఇతరుల ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు.

బయలుదేరేముందు బృందంలోని ప్రతివారూ తమ బీకన్, అంటే మంచు కింద ఉన్నవారి ఆచూకీ తెలిపే రేడియో పరికరం, పనిచేస్తోందో లేదో ఒకరిది ఒకరు సరిచూసుకుంటారు. మోకాలి సంగతి చెప్పవలసిన చోటు కూడా అదే. అది విన్న బృందం ఆ రోజుకు నిటారు కొండను విడిచి, 30 డిగ్రీలు మించని వాలును, పైన నిటారు కొండ వేలాడని చోట, ఎంచుకోవచ్చు. అక్కడి పొడిమంచూ మెత్తగానే ఉంటుంది.