మారే ధర, మారని ధర్మం

ధర హెచ్చుతగ్గులకు లోనుకావడమే క్రయానికి, అంటే కొనుగోలుకు, లక్షణమని మీమాంసకులు భావించారు. వేదవాక్యాల అర్థాన్ని నిర్ణయించే ఆ శాస్త్రం ఆరవ అధ్యాయంలో, వివాహవేళ కన్య తండ్రికి నూరు గోవులూ రథమూ ఇవ్వడం ఆమెను కొనడమే కదా అన్న ఆక్షేపం వస్తుంది; కన్య రూపవతి అయినా కాకపోయినా ఇచ్చేది మారదు కనుక అది ధర్మమే గాని బేరం కాదని ఆ శాస్త్ర సూత్రకర్త జైమిని సూత్రానికి భాష్యకారుడు శబరస్వామి వివరణ. ఆ కన్య వైపు నుంచి చూస్తే ఈ సమాధానం ఏమాత్రం తృప్తినివ్వదు గాని, అందులోని కొలబద్ద మాత్రం నేటి విమానప్రయాణానికీ పనికివస్తుంది.

కరవు పీఠభూమి అయిన అనంతపురం ప్రాంతంలో, పుట్టపర్తిలో 1990 నుంచే విమానాశ్రయం ఉన్నా, దేశంలో మరో నగరానికి ఎగరదలచినవారు సాధారణంగా బెంగళూరు చేరువలోని దేవనహళ్ళి విమానాశ్రయానికే వెళ్తారు. అక్కడ పోటీపడే ఇండిగో, ఎయిర్ ఇండియా, ఆకాశ ఎయిర్‌లలో దేనిలోనైనా, పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరు చెల్లించిన చార్జీలు ఒకటి కాకపోవచ్చు. గిరాకీనీ మిగిలిన సీట్లనూ బట్టి గంటగంటకూ మారే ఈ పద్ధతిని డైనమిక్ ప్రైసింగ్ అంటారు. మీమాంసకుల లెక్కలో ఇది అచ్చమైన క్రయం. అంతమాత్రాన అధర్మమా? 1953లో జాతీయం చేసిన విమానయానంలో చార్జీలు ప్రభుత్వం కనుసన్నల్లోనే ఉండేవి, కాని అవి సామాన్యుడికి అందలేదు. 2003లో మొదలైన ఎయిర్ డెక్కన్ కొద్ది సీట్లను రూపాయికే అమ్మగలిగింది ధరను మారనిచ్చినందువల్లనే.

దోషం మార్పులో లేదు, అది ఎవరి చేతిలో ఉందన్నదానిలో ఉంది. సోమయాగంలో సోమలతను కొనేటప్పుడు అధ్వర్యుడు, అంటే యాగకర్మ నడిపే ఋత్విజుడు, అమ్మేవాడితో ముఖాముఖి బేరమాడతాడు. ధర ఎందుకు పెరిగిందో ఇద్దరికీ తెలుసు. విమానం టికెట్ కొనేవాడికి ఎదుట మనిషే ఉండడు. పంట ఇంటికి వచ్చినప్పుడే ధర పడిపోయే వేరుశనగ రైతు, పండగ ముందు టికెట్ కొనబోతే ధర పెరిగిపోవడం చూసి, రెండుచోట్లా తూకం తన చేతిలో లేదని గ్రహించడానికి ఏ శాస్త్రమూ అక్కరలేదు.

ధర సంగతి అలా ఉంటే, విమానసంస్థల సేవ అన్న మాట ఇంకా చిక్కైనది. భోజనం, కిటికీ సీటు, అదనపు బరువు వేటికవే అమ్ముడవుతున్నప్పుడు వాటిని సరుకులనడమే సబబు. అయితే విమానం గంటల తరబడి ఆలస్యమైతే ఎదురుచూస్తున్నవారికి భోజనమో ఫలహారమో ఇవ్వాలన్న పౌర విమానయాన డైరెక్టరేట్ 2010 నాటి నిబంధన, టికెట్ ఎంతకు కొన్నారని అడగదు. శబరస్వామి చెప్పిన ఆ దానం కన్య రూపాన్ని అడగనట్టే. సంస్థలను పోల్చవలసినది చార్జీల పట్టిక దగ్గర కాదు, అర్ధరాత్రి కదలని విమానం కోసం కూర్చున్నవారికి ఆ భోజనపు పొట్లం అడగకముందే వచ్చిందా, అడిగాక వచ్చిందా అన్న దగ్గర.